సూపర్ 1 నుంచి 4 దాకా: ప్రూఫు దిద్దే డెస్క్‌లో విండో మార్పిడి స్క్రిప్టు

పాత తెలుగు పుస్తకాన్ని స్కాన్ చేసి, ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు గుర్తించడం) చేశాక వచ్చిన పాఠాన్ని మూలంతో సరిచూసి దిద్దే డెస్క్ ఇది. తెర మీద ఎప్పుడూ నాలుగు ప్రోగ్రాములు ఉంటాయి. స్కాన్ పేజీలు ఓక్యులర్‌లో, దిద్దే పాఠం లిబ్రేఆఫీస్ రైటర్‌లో, నిఘంటువులు ఫైర్‌ఫాక్స్‌లో, ఫైళ్ల పనికి టెర్మినల్. పేజీకి నలభై సార్లు విండో మారుస్తారనుకుంటే 300 పేజీల పుస్తకం పూర్తయ్యేసరికి 12,000 మార్పిళ్లు. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవచ్చు కదా అంటే, 1366×768 ల్యాప్‌టాప్ తెరను రెండుగా చీలిస్తే స్కాన్‌లోని ఒత్తులు కనబడవు. ఒత్తులు కనబడని చోట ప్రూఫు దిద్దడం కుదరదు.

ఆల్ట్+ట్యాబ్ ఎందుకు చాలదంటే, అది చివరగా వాడిన వరుసలో తిప్పుతుంది. ఆ వరుస ప్రతి మార్పిడితోనూ మారిపోతుంది. స్కాన్ కావాలంటే ఒకసారి ఒక్క నొక్కు, మధ్యలో నిఘంటువు చూసి వస్తే రెండు నొక్కులు. ఎన్ని నొక్కాలో కన్ను చూసి చెప్పాలి, ఆ చూపు పాఠం మీంచి తప్పుకోవాలి. ఇక్కడ కావలసింది వేళ్లకు గుర్తుండే మార్పిడి. సూపర్ అంటే కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ: సూపర్+1 అంటే ఎప్పుడూ స్కానే, సూపర్+2 అంటే ఎప్పుడూ పాఠమే.

గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో సూపర్‌తో అంకె నొక్కితే డ్యాష్ అనే ప్రోగ్రాముల పట్టీలో ఆ స్థానంలో ఉన్న ప్రోగ్రాము ముందుకొస్తుంది. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో టాస్క్‌బార్ వరుసకు మెటా+అంకె (మెటా అన్నా సూపరే) అదే పని చేస్తుంది. అంతవరకే కావాలనుకునేవాళ్లు స్క్రిప్టు జోలికి వెళ్లనక్కర్లేదు. ఈ డెస్క్‌లో ఉన్నది డెబియన్ 12 లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 డెస్క్‌టాప్, ఎక్స్11 సెషన్ (విండోలను తెర మీద చూపే పాత పద్ధతి). పైగా విండోతో పాటు కీబోర్డు భాష కూడా మారాలి: రైటర్‌లో తెలుగు, టెర్మినల్‌లో ఇంగ్లిష్. అందుకే స్క్రిప్టు రాయాల్సి వచ్చింది.

కావలసిన ప్యాకేజీలు నాలుగే: విండోలను వెతికి ముందుకు తెచ్చే డబ్ల్యూఎమ్‌కంట్రోల్ (wmctrl), ఎక్స్‌డూటూల్, క్లిప్‌బోర్డు పనికి ఎక్స్‌క్లిప్, ఇంకా విండో గుణాలు చూపే ఎక్స్‌ప్రాప్‌ను తెచ్చే ఎక్స్11-యుటిల్స్. మొదటి రెండూ చాలావరకు ఒకే పని చేస్తాయి కాబట్టి ఒకటి చాలదా అనిపిస్తుంది. చాలదు, కారణం ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది.

విండోను ఏ పేరుతో పిలవాలి

మొదట ఎవరైనా రాసేది డబ్ల్యూఎమ్‌కంట్రోల్‌కి మైనస్-ఏ ఇచ్చి, విండో శీర్షికలోని ఒక ముక్క. మొదటి రోజు అది చక్కగా నడుస్తుంది. శీర్షికలో ఆ ముక్క ఎక్కడున్నా సరే, దొరికిన మొదటి విండోను ఈ ఆజ్ఞ పైకి తెస్తుంది. ఫైర్‌ఫాక్స్ శీర్షిక ట్యాబ్ మారినప్పుడల్లా మారుతుంది. రైటర్ గురించిన సహాయ పేజీ బ్రౌజర్‌లో తెరిచి ఉంటే, 'రైటర్' అని అడిగినందుకు బ్రౌజర్ ముందుకొస్తుంది.

తెలుగు ఫైలు పేర్లతో ఇంకో చిక్కుంది. పొల్లు తర్వాత హల్లు కలిసిపోకుండా వేసే జీరో విడ్త్ నాన్-జాయినర్ కంటికి కనబడదు, కానీ అదొక అక్షరమే. ఫైలు పేరులో అది ఉండి స్క్రిప్టులో లేకపోతే రెండూ చదవడానికి ఒకే మాట అయినా కలవకుండా పోతాయి. వేళకు ఆజ్ఞలు నడిపే క్రాన్ లాంటి చోటినుంచి నడిపితే లొకేల్ (భాషా సెట్టింగు) యూటీఎఫ్-8 కాకపోవడంతో తెలుగు శీర్షికలు అసలే సరిగా రావు. డబ్ల్యూఎమ్‌కంట్రోల్‌కు మైనస్-యు ఇచ్చి యూటీఎఫ్-8ను బలవంతంగా వాడించవచ్చు, కానీ శీర్షిక మీద ఆధారపడటమే మానేయడం అసలు మందు.

ప్రతి విండోకూ డబ్ల్యూఎమ్ క్లాస్ అనే గుణం ఉంటుంది. అందులో రెండు మాటలు: ఇన్‌స్టెన్స్, క్లాస్. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అని కొట్టి, గుర్తు ప్లస్‌గా మారాక కావలసిన విండో మీద నొక్కితే కనబడుతుంది. అన్నిటినీ ఒకేసారి చూడాలంటే డబ్ల్యూఎమ్‌కంట్రోల్ మైనస్-ఎల్ మైనస్-ఎక్స్. మూడో నిలువు వరుసలో ఆ రెండు మాటలూ చుక్కతో కలిసి వస్తాయి. ఈ డెస్క్‌లో ఓక్యులర్‌కు రెండు మాటలూ 'ఓక్యులర్'. రైటర్‌ది 'లిబ్రేఆఫీస్' చుక్క 'లిబ్రేఆఫీస్-రైటర్'. డెబియన్ ఫైర్‌ఫాక్స్ ఈఎస్ఆర్‌ది 'నావిగేటర్' చుక్క 'ఫైర్‌ఫాక్స్-ఈఎస్ఆర్'. ఇవి స్క్రిప్టులో ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. పెద్దబడి, చిన్నబడి తేడా వెర్షన్‌ను బట్టి మారుతుంది కనుక పోల్చేముందు రెండిటినీ చిన్నబడికి మార్చుకోవాలి.

మొత్తం మూడో వరుసను పోల్చాలి, క్లాస్ ముక్క ఒక్కటే చాలదు. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కుల లైబ్రరీ విండోకూ క్లాస్ అదే, ఇన్‌స్టెన్స్ మాత్రం 'ప్లేసెస్'. క్లాస్‌తో వెతికితే నిఘంటువు కోసం నొక్కినప్పుడు ఆ లైబ్రరీ వచ్చి నిలబడుతుంది. ప్రాసెస్ నంబరుతో గుర్తుపట్టాలన్న ఆలోచన కూడా ఇక్కడ పనికిరాదు. లిబ్రేఆఫీస్‌లో రైటర్, కాల్క్ అన్నీ ఒకే ప్రాసెస్ కింద నడుస్తాయి.

లిబ్రేఆఫీస్‌తో మరొక జాగ్రత్త. స్టార్ట్ సెంటర్ తెరిచి అందులోంచి ఫైలు ఎంచుకుంటే అదే విండో రైటర్‌గా మారుతుంది. విండో ఐడీ మారదు, క్లాస్ మారుతుంది. అందుకని ఏ ఐడీ ఏ ప్రోగ్రాముదో ముందే రాసిపెట్టుకోకుండా కీ నొక్కిన ప్రతిసారీ జాబితా కొత్తగా అడగాలి.

ఎక్స్‌డూటూల్‌లోనూ క్లాస్‌తో వెతికే సెర్చ్ ఉంది. దాన్ని వాడకపోవడానికి కారణం అది విండో మేనేజర్ (విండోలను పేర్చి నడిపే ప్రోగ్రాము) జాబితాను కాకుండా మొత్తం విండో చెట్టును వెతకడం. పైకి కనబడని లోపలి విండోలు కూడా ఫలితాల్లో వస్తాయి. వాటిలో ఒకదాన్ని ముందుకు తెమ్మంటే దానికి డెస్క్‌టాప్ నంబరే లేదని ఎర్రర్ వస్తుంది. 'కనబడేవి మాత్రమే' అన్న ఆప్షన్ ఇస్తే, చాలా విండో మేనేజర్లలో మినిమైజ్ చేసినవీ వేరే వర్క్‌స్పేస్‌లో ఉన్నవీ జారిపోతాయి. సరిగ్గా మనం వెతికేది వాటినే. కాబట్టి వెతకడానికి డబ్ల్యూఎమ్‌కంట్రోల్, ముందుకు తేవడానికి ఎక్స్‌డూటూల్.

స్క్రిప్టు నడక

స్క్రిప్టుకు మూడు విలువలు ఇస్తాం: పోల్చాల్సిన క్లాస్ మాట, విండో లేకపోతే నడపాల్సిన ఆజ్ఞ, కీబోర్డు ఇంజిన్ పేరు. జాబితాలోంచి ఆ క్లాస్ ఉన్న ఐడీలు ఏరుతుంది. ఒక్కటీ లేకపోతే ప్రోగ్రామును నడుపుతుంది. ఉండి, ప్రస్తుతం ముందున్న విండో వాటిలో లేకపోతే మొదటిదాన్ని తెస్తుంది. ముందున్నదే వాటిలో ఒకటైతే, రెండు మూడు విండోలున్నప్పుడు తర్వాతిదానికి పోతుంది. ఒక్కటే ఉంటే ఇంతకుముందు చూస్తున్న విండోకు వెనక్కి పంపుతుంది. ఈ చివరిదే నిఘంటువు వాడకంలో ఎక్కువ సుఖం: సూపర్+3 నొక్కి మాట చూసి, మళ్లీ సూపర్+3 నొక్కితే రైటర్‌లో అదే వాక్యం దగ్గర ఉంటాం.

'ముందున్నది ఇదేనా' అన్న పోలిక దగ్గరే చాలా స్క్రిప్టులు తప్పుతాయి, ఎర్రర్ కూడా రాదు. ఒకే విండో ఐడీని డబ్ల్యూఎమ్‌కంట్రోల్ 0ఎక్స్03400007 అని ఎనిమిది అంకెలకు సున్నాలు నింపి చూపుతుంది. ఎక్స్‌ప్రాప్ ముందు సున్నా లేకుండా 0ఎక్స్3400007 అంటుంది. ఎక్స్‌డూటూల్ దశాంశంలో 54525959 అంటుంది. మూడూ ఒకటే. అక్షరాలుగా పోలిస్తే ఎప్పటికీ సమానం కావు కాబట్టి స్క్రిప్టు 'ఇది ముందు లేదు' అనుకుని అదే విండోను మళ్లీ మళ్లీ తెస్తుంది. రెండో నొక్కు పనిచేయడం లేదంటే ముందు చూడాల్సింది ఇదే. వచ్చిన ప్రతి ఐడీనీ బాష్‌లోని జంట కుండలీకరణాల లెక్కలో పెట్టి సంఖ్యగా మార్చేస్తే పోలిక నిలుస్తుంది.

ఒకే ప్రోగ్రాము విండోల మధ్య తిరగడానికి ఏ వరుస వాడాలన్నది రెండో నిర్ణయం. విండో మేనేజర్ రూట్ విండో (అన్నిటికీ అడుగునుండే విండో) మీద రెండు జాబితాలు పెడుతుంది. నెట్ క్లయింట్ లిస్ట్ అనేది తెరిచిన వరుస, పాతది ముందు. డబ్ల్యూఎమ్‌కంట్రోల్ చూపేది ఇదే. నెట్ క్లయింట్ లిస్ట్ స్టాకింగ్ అనేది అడుగునుంచి పైకి పేర్చిన వరుస. రెండోదాంట్లో పైనుంచి కిందికి పోతూ తిప్పితే మూడు ఫైర్‌ఫాక్స్ విండోలున్నప్పుడు పైనున్న రెండే ఒకదాని స్థానంలో ఒకటి వస్తూ ఉంటాయి, మూడోది ఎప్పటికీ రాదు. తిరగడానికి మొదటి జాబితానే సరైనది.

వెనక్కి పోవడానికి కావలసిన పాత ఐడీని, మార్చబోయే ముందు ఎక్స్‌డీజీ రన్‌టైమ్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలులో రాస్తాం. అది మెమరీలోనే ఉండే డైరెక్టరీ, లాగౌట్‌తో ఖాళీ అవుతుంది. ఆ ఐడీ ఇప్పటికీ జాబితాలో ఉందో లేదో చూశాకే వాడాలి. మూసేసిన విండో నంబరు తర్వాత వేరే విండోకు దక్కవచ్చు.

రెండుసార్లు తెరుచుకోవడం

లిబ్రేఆఫీస్ మొదటిసారి తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఏమీ జరగలేదనుకుని మళ్లీ నొక్కితే జాబితాలో ఇంకా విండో లేదు కాబట్టి స్క్రిప్టు రెండోసారి నడుపుతుంది. దీనికి ఒకేసారి ఒక్కటే నడిచేలా చూసే ఫ్లాక్ ఆజ్ఞతో తాళం వేస్తాం: తాళం దొరకకపోతే వేచి ఉండకుండా వెంటనే బయటికొచ్చే మైనస్-ఎన్ ఆప్షన్‌తో. ప్రోగ్రామును నడిపాక, దాని విండో జాబితాలోకి వచ్చేదాకా 0.2 సెకన్లకోసారి చూస్తూ, గరిష్ఠంగా 15 సెకన్లు తాళం పట్టుకుని ఉంటుంది.

ఈ తాళంలోనే ఒక గుంట ఉంది. స్క్రిప్టు వెనకాల నడిపిన రైటర్, తాళం ఫైలు డిస్క్రిప్టర్‌ను (తెరిచిన ఫైలుకు ప్రాసెస్ వాడే సంఖ్యను) వారసత్వంగా తీసుకుపోతుంది. స్క్రిప్టు ముగిసినా రైటర్ బతికున్నంతసేపూ తాళం వీడదు. ఇక ఏ సూపర్ కీ నొక్కినా స్పందన ఉండదు, రైటర్ మూయగానే అన్నీ బాగవుతాయి. వింతగా కనబడే ఈ లక్షణాన్ని చూసి డెస్క్‌టాప్‌నే రీస్టార్ట్ చేసేవాళ్లున్నారు. మందు చిన్నదే: మొత్తం స్క్రిప్టును ఫ్లాక్ మైనస్-ఓ కింద నడిపితే డిస్క్రిప్టర్ పిల్ల ప్రాసెస్‌కు చేరదు. లేదా ప్రోగ్రామును నడిపే వరుసలోనే ఆ డిస్క్రిప్టర్‌ను మూసేయాలి. తాళం ప్రోగ్రాముకొకటి చొప్పున ఉంటే రైటర్ తెరుచుకుంటున్నంతలో స్కాన్‌కు వెళ్లడానికి అడ్డు ఉండదు.

ఫోకస్ నిజంగా వచ్చిందా

టైపు చేసింది ఏ విండోకు పోతే ఫోకస్ దానిది. ఎక్స్‌డూటూల్‌లో విండోఫోకస్, విండోయాక్టివేట్ అని రెండున్నాయి. మొదటిది విండో మేనేజర్‌ను దాటేసి నేరుగా ఎక్స్ సర్వర్‌ను అడుగుతుంది. కీబోర్డు ఆ విండోకు పోతుంది గానీ విండో పైకి రాదు. స్కాన్ కనబడుతూ ఉంటుంది, టైపు చేసింది దాని వెనక ఎక్కడో పడుతుంది. ప్రూఫు పనిలో ఇంతకంటే ప్రమాదం లేదు. వాడాల్సింది విండోయాక్టివేట్. అది విండో మేనేజర్‌కు సందేశం పంపి, అవసరమైతే వర్క్‌స్పేస్ మార్చి, విండోను పైకి తెస్తుంది.

ఆ సందేశంలో 'అడిగింది ఎవరు' అనే అంకె ఉంటుంది: మామూలు ప్రోగ్రామైతే 1, టాస్క్‌బార్ లాంటి పేజర్ అయితే 2, ఏమీ చెప్పని పాతకాలపువైతే 0. ఎక్స్‌డూటూల్ 2 పంపుతుంది, డబ్ల్యూఎమ్‌కంట్రోల్ 0 పంపుతుంది. ఫోకస్ దొంగతనాన్ని ఆపే విండో మేనేజర్లు ఈ అంకెను చూసి తేడా చేయవచ్చు. విండో రాకుండా టాస్క్‌బార్‌లో పేరు మెరుస్తుంటే, అడిగారు గానీ ఒప్పుకోలేదని అర్థం. తేవడానికి ఎక్స్‌డూటూల్ అని పైన అన్నది ఇందుకే. ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ ట్వీక్స్‌లోని ఫోకస్ ట్యాబ్‌లో దీనికి సెట్టింగులున్నాయి. వేరే వర్క్‌స్పేస్‌లోని విండో తనంతట తాను పైకి వస్తే అక్కడికి మనం పోవాలా, అదే మన దగ్గరికి రావాలా అన్నదీ అక్కడే ఎంచుకోవాలి.

యాక్టివేట్‌కు సింక్ ఆప్షన్ ఇస్తే విండో ముందుకొచ్చేదాకా ఆగుతుంది. విండో మేనేజర్ ఒప్పుకోకపోతే ఆ ఆగడం చాలాసేపు సాగుతుంది కాబట్టి టైమవుట్ ఆజ్ఞతో 2 సెకన్ల హద్దు పెట్టాలి. ఆ తర్వాత కూడా ముందున్న విండో ఐడీని మళ్లీ అడిగి, మనం కోరినదేనా అని సరిచూడాలి. కాకపోతే నోటిఫై-సెండ్‌తో ఒక మాట చెప్పి ఆగిపోవాలి. తర్వాతి పని ఏదైనా సరే, ఈ పరీక్ష దాటకుండా జరగకూడదు.

తర్వాతి పని ఇక్కడ కీబోర్డు భాష. ఐబస్ అనేది భాషల కీబోర్డులను నడిపే ప్రోగ్రాము. 'ఐబస్ ఇంజిన్' అనే ఆజ్ఞ వెనక ఇంజిన్ పేరు ఇస్తే మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ అలవాటున్నవారికి ఎం17ఎన్ తెలుగు ఇన్‌స్క్రిప్ట్2, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేవారికి అదే ఎం17ఎన్‌లోని ఆర్‌టీఎస్. 'ఐబస్ లిస్ట్-ఇంజిన్' అంటే అసలు పేర్లు వస్తాయి, అక్కడినుంచే కాపీ చేసుకోవాలి. అన్ని ప్రోగ్రాములకూ ఒకే ఇన్‌పుట్ పద్ధతి అనే సెట్టింగు తీసేసి ఉంటే ఈ ఆజ్ఞ ఆ క్షణంలో ఫోకస్ ఎక్కడుందో దానికే వర్తిస్తుంది. ఫోకస్ రాకముందే నడిపితే టెర్మినల్‌కు తెలుగు, రైటర్‌కు ఇంగ్లిష్ తగులుతాయి. గ్నోమ్‌లో అయితే ఇన్‌పుట్ మూలాలను గ్నోమ్ షెల్ తన చేతిలో పెట్టుకుంటుంది, బయటినుంచి మార్చినది నిలవదు. అక్షరం సగంలో, గీత కింద ఉన్నప్పుడు విండో మార్చవద్దు. ఆ సగం అక్షరం నిలుస్తుందా పోతుందా అన్నది అన్ని ప్రోగ్రాముల్లోనూ ఒకేలా ఉండదు.

మాటను నిఘంటువుకు పంపడం

ఐదో కీ దీనికి కొసరు. రైటర్‌లో మాటను ఎంచి సూపర్+5 నొక్కితే ఆ మాట తెలుగు విక్షనరీలో తెరుచుకోవాలి. మొదట తోచేది కంట్రోల్+సి పంపి, ఫైర్‌ఫాక్స్‌కు పోయి, కంట్రోల్+వి పంపడం. అలా చేయకండి. షార్ట్‌కట్ నొక్కిన వేలు ఇంకా సూపర్ మీదే ఉంటుంది, స్క్రిప్టు పంపిన కంట్రోల్+సి కాస్తా సూపర్+కంట్రోల్+సి అవుతుంది. క్లియర్-మాడిఫయర్స్ ఆప్షన్ పట్టుకున్న కీలను వదిలినట్టు చేసి తర్వాత మళ్లీ నొక్కినట్టు చేస్తుంది. ఆ మధ్యలో మనం నిజంగా వేలు తీసేస్తే సూపర్ నొక్కుకుపోయినట్టే ఉండిపోతుంది. మళ్లీ ఒకసారి సూపర్ తట్టి వదిలితే తేరుకుంటుంది.

కీ పంపకుండా జరిగే దారి ఉంటే అదే మేలు. ఎక్స్11లో మౌస్‌తో ఎంచిన పాఠం, కాపీ చేయకుండానే ప్రైమరీ సెలెక్షన్‌లో ఉంటుంది. ఎక్స్‌క్లిప్ మైనస్-ఓ దాన్ని చదువుతుంది. చివర్లోని ఖాళీలు, విరామ చిహ్నాలు కత్తిరించి, మాటను పర్సెంట్ రూపంలోకి మార్చి విక్షనరీ వెతుకు పేజీ చిరునామాకు తగిలించి, ఫైర్‌ఫాక్స్‌ను న్యూ-ట్యాబ్ ఆప్షన్‌తో పిలవాలి. ఒక్కో తెలుగు అక్షర సంకేతం యూటీఎఫ్-8లో 3 బైట్లు కాబట్టి చిరునామా పొడుగ్గా కనబడుతుంది, అది తప్పు కాదు. ట్యాబ్ తెరిచినంత మాత్రాన ఫైర్‌ఫాక్స్ ముందుకు రాకపోవచ్చు, వెనకే మన యాక్టివేట్ నడవాలి. వెతుకు పేజీనే ఎందుకంటే పాఠంలోని మాట విభక్తితో ఉంటుంది. 'పుస్తకములయందు' అనే పేజీ దొరకకపోయినా వెతుకులాట ఏదో ఒక దారి చూపుతుంది.

తెలుగు పాఠాన్ని ఎక్స్‌డూటూల్ టైప్ ఆజ్ఞతో కొట్టించాలన్న కోరికను కూడా అణచుకోవాలి. కీబోర్డు పటంలో లేని అక్షరం కోసం అది ఒక కీని తాత్కాలికంగా మార్చి కొడుతుంది. వేగంలో గుణింతాలు రాలిపోతాయి, ఆ రాలినవి ప్రూఫులో మళ్లీ మనమే పట్టుకోవాలి. తప్పనిసరైతే ఎక్స్‌క్లిప్‌తో క్లిప్‌బోర్డులో పెట్టి అతికించాలి. ఎక్స్‌క్లిప్ తను పెట్టిన పాఠాన్ని అందించడానికి వెనకాల బతికే ఉంటుంది కాబట్టి దాని అవుట్‌పుట్‌ను డెవ్-నల్‌కు మళ్లించకపోతే పిలిచిన స్క్రిప్టు వేలాడిపోవచ్చు.

షార్ట్‌కట్లు తగిలించడం త్వరగా అయ్యే పనే: సెట్టింగ్స్, కీబోర్డు, అప్లికేషన్ షార్ట్‌కట్స్. అక్కడ స్క్రిప్టు దారిని హోమ్ నుంచి మొత్తంగా రాయాలి, తరంగ గుర్తుతో కుదించకూడదు. ఒక్క సూపర్ కీకే మెనూ తగిలించి ఉంటే కలయికలకు అడ్డొస్తుంది, మెనూను ఆల్ట్+ఎఫ్1కు వదిలేయడం సులువు. ఎస్ఎస్‌హెచ్ నుంచో క్రాన్ నుంచో నడపాలంటే డిస్‌ప్లే, ఎక్స్అథారిటీ రెండు వేరియబుళ్లూ ఇవ్వాలి. ఏదైనా తేడాగా ఉంటే ఒక టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్‌ను రూట్, స్పై ఆప్షన్లతో నెట్ యాక్టివ్ విండో మీద పెట్టి వదలండి. ఫోకస్ మారిన ప్రతిసారీ కొత్త వరుస పడుతుంది, ఎవరు ఎప్పుడు లాక్కున్నారో కంటికి కనబడుతుంది.

వేలాండ్‌కు మారితే

వేలాండ్ అంటే ఎక్స్11 స్థానంలోకి వస్తున్న కొత్త పద్ధతి. ఈ డెస్క్ ఎక్స్11లో ఉంది కాబట్టే ఇదంతా కుదిరింది. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఎక్స్ సెషన్ లేదు, కాబట్టి మార్పుకు సిద్ధపడాల్సిందే. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాము విండోలను చూడటానికి అందరికీ చెల్లే దారి లేదు. డబ్ల్యూఎమ్‌కంట్రోల్ అక్కడ ఎర్రర్ ఇవ్వకపోవడమే మోసం: ఎక్స్‌వేలాండ్ ద్వారా నడిచే పాత ప్రోగ్రాములను మాత్రం చూపి ఊరుకుంటుంది. సగం జాబితాతో స్క్రిప్టు నడిస్తే ఉన్న రైటర్‌ను లేదనుకుని మరొకటి తెరుస్తుంది. అందుకే స్క్రిప్టు మొదటి వరుసలోనే ఎక్స్‌డీజీ సెషన్ టైప్ విలువ చూసి, వేలాండ్ అయితే ఆగిపోవాలి.

స్వే అనే వేలాండ్ విండో మేనేజర్ వాడేవారికి పని తేలిక. స్వే-ఎంఎస్‌జీకి చతురస్ర బ్రాకెట్లలో యాప్-ఐడీ ఇచ్చి ఫోకస్ అంటే చాలు. జాబితా గెట్-ట్రీతో జేసన్‌గా వస్తుంది, జేక్యూతో ఏరుకోవచ్చు. ఎక్స్‌వేలాండ్ విండోలకు మాత్రం యాప్-ఐడీ ఖాళీగా ఉంటుంది, వాటికి పాత క్లాస్‌తోనే అడగాలి. కేడీఈలో దాని విండో మేనేజర్ క్విన్‌కు స్క్రిప్టు రాసి, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ ద్వారా ఎక్కించాలి. ప్లాస్మా 5లో క్లయింట్‌లిస్ట్ అన్నది ప్లాస్మా 6లో విండోలిస్ట్ అయింది, యాక్టివ్‌క్లయింట్ యాక్టివ్‌విండో అయింది, పాత స్క్రిప్టును ఈ పేర్లు మార్చకుండా తీసుకుపోతే నడవదు. క్విన్ స్క్రిప్టు రాసే శ్రమ లేకుండా అదే పనిని ఆజ్ఞగా ఇచ్చేది కేడూటూల్. గ్నోమ్‌లో బయటినుంచి షెల్‌కు కోడ్ పంపే ఇవాల్ దారి 41వ వెర్షన్ నుంచి మూసేశారు. డీ-బస్ మీద విండోల జాబితానూ యాక్టివేట్‌నూ అందించే ఎక్స్‌టెన్షన్ ఒకటి వేసుకోవాలి, గ్నోమ్ వెర్షన్ మారినప్పుడల్లా అది ఇంకా నడుస్తోందో లేదో చూసుకోవాలి. వైడూటూల్ వేసుకుంటే సరిపోతుందని కొందరు అంటారు గానీ, అది యూఇన్‌పుట్ ద్వారా కీలు కొట్టడం, మౌస్ కదపడం లాంటివే చేస్తుంది. ఏ విండో ముందుందో దానికి తెలియదు.